కుడి నుంచి చదివిన గోడ

పోయిన నెల మాధురి అనే అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బొమ్మలు వేస్తుందట. ఉత్త బొమ్మలు కాదు, బొమ్మల మధ్యలో మాటలు రాస్తుందట. ఒక్కోసారి మాటలే బొమ్మలవుతాయట. ఒక పెద్ద గుడ్డ మీద ఒక కథంతా అలా నడిపిస్తుందట. ఫోనులో నాలుగు చూపించింది, బాగానే ఉన్నాయి. నేను నలభై ఏళ్ళు కథలు రాసిన దాన్ని. నా కథలకు వారపత్రికల వాళ్ళు వేయించిన బొమ్మలు చూసి ప్రతిసారీ ఒళ్ళు మండిన దాన్ని. బొమ్మల వాళ్ళతో నాకు మొదటినుంచీ పడదు, ఆ సంగతి పాపం ఆ పిల్లకు తెలియదు. నెల్లూరు చుట్టుపక్కల పాత గోడల మీద రాతలు వెతుకుతూ తిరుగుతోందట. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, కాలవ పక్కన ఒకప్పుడు ఉప్పు నిలవచేసిన కొటారు, కూలిపోతున్న దాని గోడ మీద సున్నం కింద ఏదో ముఖం కనబడిందట. అది బోర్డుల రాఘవయ్య పని, ఆయన కూతురు నెల్లూరులో ఉందని ఎవరో ముసలాయన చెప్పాడట. చెబుతూనే ఫోను నా ముందు పెట్టింది. తెల్లటి గోడ, పెచ్చులూడిన సున్నం, అందులోంచి ఒక ఆడమనిషి ముఖం సగం. ఒక కన్ను, ముక్కుపుడక, బుగ్గ మీద మూడు తెల్ల మచ్చలు. "ఎంత అందంగా ఉందో చూడండి ఆంటీ, కాలమే కూర్చుని వేసినట్టుంది" అంది. నేను ఫోను బల్ల మీద బోర్లించి, కాఫీ తెస్తానని లోపలికి పోయి, పొయ్యి వెలిగించకుండా చాలాసేపు నిలబడ్డాను. ఆ ముఖం మా మేనత్త పెంచలమ్మది. ఆమె ఒంటిమీద ఏనాడూ ఒక్క మచ్చ లేదు.

మా నాయన బోర్డులు రాసేవాడు. కాలవలో ఉప్పు పడవలు, కట్టెల పడవలు మద్రాసు దాకా తిరిగే రోజులవి. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. పడవల పేర్లు, అంగళ్ళ పేర్లు, బండ్ల మీద ఆసాముల పేర్లు, చుట్టుపక్కల ఊళ్ళలో కనబడే అక్షరాలన్నీ ఆయన చేతివే. మా ఇంటికి రెండు వాసనలు. వసారాలో అవిసె నూనెలో రంగులు నూరే వాసన, ముంగిట్లో అత్త పోసే దోసెల వాసన. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అత్త మొగుణ్ణి పోగొట్టుకుని అన్న ఇంటికి వచ్చి, నన్ను చంకన వేసుకుంది. తెల్లవారేసరికి పొయ్యి రాజేసేది. సముద్రం మీద వేట నుంచి తిరిగొచ్చిన, కాలవ అవతలి పాళెం వాళ్ళు, చేపల తట్టలతో కోవూరు వైపు పోయే ఆడవాళ్ళు మా ముంగిట్లో వరసగా కూర్చునేవాళ్ళు. ఎర్రకారం, కొబ్బరి పచ్చడి, పలచగా, అంచులు కరకరలాడేట్టు పోసిన దోసె. మొదటి దోసె తుంచి కాకులకు వేసేది. రెండో దోసె నాది. ఎంత మంది కూర్చుని ఉన్నా, ఎవరు ఎంత తొందరపెట్టినా, రెండోది నా చేతిలో పడ్డాకే మూడోది పెనం మీద పడేది. అది ఆ ఇంట్లో చట్టం.

నాయనకు ఒక లోపం ఉండేది. అక్షరం ఎలాంటిదైనా తీర్చగలడు గానీ, ముఖం మాత్రం ఎదురుగా మనిషి కూర్చుంటే తప్ప వచ్చేది కాదు. ఆయనకు దొరికే మనిషి అత్త ఒక్కతే. అందుకే మా వైపు అంగళ్ళ మీద లక్ష్మీదేవులందరికీ అత్త ముఖమే, కుడివైపు ముక్కుపుడకతో సహా. "ఏ అంగడికి పోయినా పెంచలమ్మే కూర్చోనుండాది, అప్పు అడగాలంటే సిగ్గుగా ఉండాది" అని పాళెం వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అత్త అట్లకాడ ఝళిపించి నవ్వేది. ఆమెకు చదువు రాదు. కానీ అన్న రాసిన ఏ బోర్డు ఏ అంగడిదో దూరం నుంచే చెప్పేది, రాత చూసి కాదు, పక్కన ఉన్న కలశాన్నో చేపనో చూసి. నాయన దానికి మురిసిపోయి, "రాత చదివినోళ్ళకు, బొమ్మ అందరికీ" అని నాకు పాఠం చెప్పేవాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది సగమే నిజమని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెద్దరోగం ఆస్పత్రి తరఫున ఒక ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. కుష్ఠు అనే మాట అప్పట్లో ఇంట్లో పలికేవాళ్ళు కాదు, పెద్దరోగం అనేవాళ్ళు. కొత్త మాత్రలు వచ్చాయి, వేళకు మింగితే నయమవుతుంది, జనం దాచుకుంటున్నారు, అందరూ నడిచే దారిలో గోడ మీద కథలాగా వేసి చూపించాలి అన్నాడు. నాయన మూడు రోజులు గోధుమరంగు కాగితం మీద గళ్ళు గీసుకున్నాడు. నాలుగు గళ్ళు. మొదటి దాంట్లో ముఖమంతా మచ్చలతో, చెవులు ఉబ్బి, ఊరి బయట ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి. రెండోదాంట్లో డాక్టరు మాత్రలిస్తున్నాడు. మూడోదాంట్లో మచ్చలు పలచబడ్డాయి. నాలుగోదాంట్లో ఆమె ముంగిట్లో దోసెలు పోస్తోంది, చుట్టూ జనం కూర్చుని తింటున్నారు. నాలుగింట్లోనూ ఒకే ముఖం ఉండాలి, లేకపోతే నయమైంది ఎవరికో తెలియదు గదా అన్నాడు. అత్తను అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ, "చివరికి నయమైపోతుంది గదన్నా, ఏసుకో. ఆ దోసె మాత్రం బాగా పలచగా ఏయి, మందంగా ఏసినావంటే నా పేరు పోతుంది" అంది. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

గోడ పని ఏడు రోజులు పట్టింది. ఊరి నుంచి సముద్రానికి పోయే దారిలో, కాలవ దాటకముందు, ఉత్తరం పక్కన ఉంది ఆ కొటారు. ఎండకూ ఉప్పుగాలికీ ఆగాలని నాయన సున్నపు రంగులు వద్దని నూనె రంగులే వాడాడు. ఒక్కొక్క గడి మనిషెత్తు. కింద ఒక్కొక్క వాక్యం. మచ్చ కనబడితే దాచకండి. మాత్రలు ఉచితం. వేళకు మింగితే నయం. నయమైనవారితో కలిసి మెలిసి ఉండండి. బడి వదిలాక ఊరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పోయి నేను ఆ నాలుగు వాక్యాలూ గొంతెత్తి చదివేదాన్ని. మా నాయన రాసిన కథ చదువుతున్నానని నా గొంతులో ఎంత గర్వముండేదో ఇప్పటికీ చెవుల్లో వినబడుతుంది. ఇన్‌స్పెక్టరు సైకిలు దిగి చూసి నాయన భుజం తట్టాడు. ఊళ్ళో అందరికీ ఆ దోసె బొమ్మ నచ్చింది. ఇక మీ అత్తకు గిరాకీ ఇంకా పెరుగుతుందని మా పంతులుగారు కూడా అన్నాడు.

పదిహేను రోజులు తిరగకముందే ముంగిట్లో మనుషులు తగ్గారు. మొదట తట్టల ఆడవాళ్ళు పొద్దుపోయిందని ఆగకుండా పోయారు. తర్వాత మగవాళ్ళు అవతలి వరసలో కొత్తగా పెట్టిన ఇడ్లీల పొయ్యి దగ్గరికి మళ్ళారు. అత్త రుబ్బిన పిండి పుల్లబడిపోయి పారబోయాల్సి వచ్చేది. ఆమె బియ్యం, పప్పు తక్కువ నానబోసేది. మరునాడు ఆ పిండి కూడా మిగిలేది. పాళెం జాలర్లకు పెద్ద, పెద్దకాపు పోలయ్య చిన్నప్పటినుంచీ నాయనకు స్నేహితుడు. ఒక పొద్దున ఆయన దారిన పోతూంటే నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. పోలయ్య ముంగిట్లోకి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. నేను గడపలో ఉన్నాను.

"రాఘవన్నా, అడిగినావు కాబట్టి చెప్తుండా. రోగముంటే ఇంట్లో దాపెట్టుకుంటారు గాని, సొంత చెల్లెలిని గోడ మీద ఎందుకేసినావు?"

"ఎవరికి రోగం?"

"నువ్వేసిందే గదన్నా. ముందర దోసెలు పోస్తా ఉండాది. తర్వాత మొగాన మచ్చలు పడినాయి. ఆ డాక్టరు ఏందో మాత్రలిచ్చినాడు. అవి మింగినాక మొగమంతా పోయి ఊరి బయట కూర్చోనుండాది. మాకు చదువు లేకపోతే లేకపోయె, కండ్లు ఉండాయి గదా."

"అట్టా కాదు పోలయ్యా. ముందర రోగం, తర్వాత నయం."

పోలయ్య జాలిగా చూశాడు. "తోడబుట్టినోడివి, నువ్వు అబద్ధం ఏస్తావా? నీ బాధ మాకు తెల్సులే" అని వెళ్ళిపోయాడు.

నాయన చెప్పులు కూడా వేసుకోకుండా కొటారు దగ్గరికి నడిచాడు. నేను వెనకే పోయాను. గోడ ముందు నిలబడి ఎడమనుంచి కుడికి చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. తర్వాత ఏం తోచిందో, కాలవ గట్టు దాకా పోయి, వెనక్కి తిరిగి, పాళెం వాళ్ళు వచ్చే వైపునుంచి మెల్లగా నడిచి వచ్చాడు. ఆ దారిన అలా నడిచొస్తే మొదట కనబడేది నాలుగో గడి. దోసెలు పోసే అత్త. ఆ తర్వాత మచ్చలు మొదలైన అత్త. ఆ తర్వాత మాత్రలు మింగే అత్త. చివర, కొటారు మలుపులో, ముఖం పాడై ఒంటరిగా కూర్చున్న అత్త. అక్షరం ఎడమనుంచి మొదలవుతుందని నాయనకు తెలుసు, ఆ అక్షరం తెలియని మనిషికి దారి ఎటునుంచి మొదలైతే కథ అటునుంచే మొదలవుతుందని ఆయనకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు రాతతో బతికిన మనిషి చేసే తప్పు అది. ఇంకెవరూ చెయ్యలేరు. మొదటి గడి ముందు ఆయన నేలమీద గోడనే చూస్తూ కూర్చున్నాడు. గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఉప్పు బండ్లు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఆ ఏడు పాళెంలో నిజంగా మచ్చలున్న వాళ్ళు కూడా ఆ మాత్రలు ముట్టలేదని తర్వాత ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

నాయనకు తెలిసిన మందు ఒక్కటే, రాయడం. మరునాడే నిచ్చెన వేసుకుని, దోసె బొమ్మ కింద జానెడు జానెడు అక్షరాలతో రాశాడు: ఈమె పేరు పెంచలమ్మ. ఈమెకు ఏ రోగమూ లేదు. అత్త వద్దంది. "పేరెందుకన్నా, నన్నెరగని వాళ్ళకు కూడా తెలుస్తుంది" అంది. ఆయన వినలేదు. అంతవరకూ ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు అది ఆస్పత్రి కథ మాత్రమే. ఈ మాట చదివాక వాళ్ళకూ అనుమానం పుట్టింది. లేని రోగాన్ని లేదని గోడకెక్కించి ఎవరు చెబుతారు? కరణంగారి ఇంటి నుంచి అత్తకు వచ్చే పిలుపులు ఆగిపోయాయి. బావి దగ్గర ఆమె చేద పక్కన ఇంకొకరి చేద పెట్టడం మానేశారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ రాయి విసరలేదు. ఆమె వస్తే కాస్త జరిగి దారి ఇచ్చేవాళ్ళు, అంతే. వాళ్ళమీద నాకు చాలా ఏళ్ళు కోపముండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెబుతాను.

మాటలు పని చెయ్యలేదని తేలాక నాయన గోడంతా సున్నం కొట్టాడు. నూనె రంగు మీద సున్నం నిలవదని ఆయనకు తెలియక కాదు. ఇంకేమీ తోచక కొట్టాడు. మొదటి వాన పడింది. గోడ పొరలు పొరలుగా రాలింది. చిత్రంగా మిగతా మూడు గళ్ళూ కప్పుకునే ఉన్నాయి, దోసెల గడిలోనే సున్నం ఊడి ముఖం బయటపడింది. ఊడకుండా మిగిలిన సున్నపు పెచ్చులు బుగ్గ మీద, నుదుటి మీద తెల్లగా అంటుకుపోయాయి. నాయన ఏ మచ్చా వెయ్యని ఒకే ఒక్క ముఖానికి మచ్చలొచ్చాయి. బడి నుంచి ఆ రోజు సముద్రం చూద్దామని పిల్లలందరం అటు పోయాం. నేను ఆ గోడ ముందు ఆగిపోయాను. అది సున్నమని నాకు తెలుసు. ఆ సున్నం మా నాయన కొట్టాడని తెలుసు. ఆ ముఖం వేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కింద రాసింది ఆ ఊళ్ళో అందరికంటే బాగా చదవగలను. అయినా ఎంతసేపు చూశానో అంతసేపూ అది మచ్చల ముఖంగానే కనబడింది.

మరునాడు పొద్దున అత్త మామూలుగానే పొయ్యి రాజేసింది. గిరాకీ లేకపోయినా ఇంటికోసం నాలుగు దోసెలు పోసేది. మొదటిది తుంచి కాకులకు వేసింది. రెండోది అట్లకాడ మీద నా వైపు చాచింది. నేను చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. కావాలని తీసుకోలేదు. చెయ్యి దానంతట అదే వచ్చేసింది.

"ఆకలిగా లేదత్తా" అన్నాను.

ఆమె నా చెయ్యి వైపు చూసింది, నా ముఖం వైపు కాదు. "నిన్న కొటారు దిక్కు పోయినావా పాపా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"సరేలే. బడికి పొద్దుపోతుంది, పో."

ఆ దోసె కూడా తుంచి కాకులకు వేసింది. మూడోది పొయ్యలేదు. పొయ్యిలో నీళ్ళు చల్లిన చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది. ఊరంతా దూరం జరిగినప్పుడు కూడా ఆమె పొయ్యి ఆర్పలేదు, నా చెయ్యి వెనక్కి పోయిన రోజు ఆర్పింది. ఊరివాళ్ళకు చదువు రాదు కాబట్టి బొమ్మను నమ్మారు. నాకు చదువొచ్చు, నిజం తెలుసు, నేను కూడా బొమ్మనే నమ్మాను. ఇంక వాళ్ళను ఏ మొహంతో తప్పుబట్టను.

ఇన్‌స్పెక్టరు ముఖం చెల్లకపోయినా ఒకరోజు వచ్చాడు. ఆస్పత్రిలో రోగులకు వంట చేసే మనిషి లేదని, ఎవరూ రావడం లేదని ఏదో మాటల్లో అన్నాడు. నాయన ఆ మాట పట్టించుకోలేదు. అత్త పట్టించుకుంది. రుబ్బురోలు పొత్రం కడిగి గోడకు ఆనించి, పెనం పాత చీరలో చుట్టింది. నాయన గడపకు అడ్డంగా కూర్చుని, రోగం లేనిదానివి రోగుల మధ్యకు పోతావా అని మొదటిసారి గట్టిగా అరిచాడు. అత్త ఆయన పక్కన కూర్చుంది. "ఆడైతే నా చేతి దోసె తినేవోళ్ళుంటారన్నా" అంది. నాయన లేచి దారి ఇచ్చాడు. ఆమె వెళ్ళేటప్పుడు నన్ను దగ్గరికి తీసుకోలేదు. నాకు భయమేస్తుందని తీసుకోలేదు. అది నాకు చాలా పెద్దయ్యాక అర్థమైంది.

ఆ తర్వాత నాయన మళ్ళీ ముఖం వెయ్యలేదు. అంగళ్ళ వాళ్ళు లక్ష్మీదేవిని వెయ్యమంటే, శ్రీ అని ఒక్క అక్షరం తీర్చి ఇచ్చేవాడు. అత్త ఉన్న పాత బోర్డులు ఎవరూ అడగకుండానే ఒక్కొక్కటి దించేశారు. నెలకొకసారి నాయన ఆస్పత్రికి పోయి, అందరితో పాటు నేలమీద కూర్చుని అత్త పోసిన దోసెలు తిని వచ్చేవాడు. నేను పెద్దబడి చదివే రోజుల్లో ఒకసారి వెంట పోయాను. పొడుగాటి రేకుల కొట్టం, వరసగా మనుషులు. వేళ్ళు లేని వాళ్ళు రెండు అరచేతుల మధ్య దోసె పట్టుకుని తింటున్నారు, పెంచలమ్మా ఇంకోటి అని అరుస్తున్నారు, ఆమె ఒక్కొక్కరిని పేరుపెట్టి కసురుతోంది. జుట్టు నెరిసింది, ముఖం నున్నగా అలాగే ఉంది. నన్ను చూసి, కాకులకు ఒకటి వేసి, రెండోది నా విస్తరిలో వేసింది. ఏడు తిన్నాను. కడుపు నొప్పి పుట్టేదాకా తిన్నాను. ఆమె వేస్తూనే ఉంది. ఆ పొద్దుటి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్కడే బతికి, అక్కడే ముసలిదై, రోగం రాకుండానే అక్కడే పోయింది. రోగులే మోశారు.

మాధురి మళ్ళీ వచ్చి నన్ను కారులో కొటారు దగ్గరికి తీసుకుపోయింది. కాలవలో పడవలు లేవు, నీళ్ళూ అంతంత మాత్రమే, అటూ ఇటూ రొయ్యల గుంటలు. ఆ రోగం ఇప్పుడు పేరు చెబితే పరుగెత్తే రోగం కాదు. పాళెంలో ప్రతి ఇంట్లో చదువుకున్న పిల్లలున్నారు. అయినా మా వీధిలో చూస్తుంటాను, ఫోనులో ఎవరిదో ఫోటో వస్తే కింద ఏం రాసుందో చదివేవాళ్ళు తక్కువ. ముఖం చూస్తారు, ఒక మాట అనేస్తారు, పక్కవాళ్ళకు పంపిస్తారు. మా నాయన ఒక గోడతో చేసిన పనికి ఇప్పుడు గోడ కూడా అక్కర్లేదు. మాధురిని కాలవ వైపు నుంచి నడిపించి, ఈ కథంతా ఆ దారిలోనే చెప్పాను. ఇక అందంగా ఉందని అనలేదు ఆ పిల్ల. గోడ దగ్గరికి పోయి బుగ్గ మీది సున్నపు పెచ్చును గోటితో గీకబోయింది. నేను వద్దన్నాను. పెచ్చుతో పాటు ముఖం కూడా వచ్చేస్తుంది.

గోడ ఈ ఏడు వానలకు ఆగదు. ఆ ముఖాన్ని ఫోటో తీసి, పెద్దది చేసి, తన బొమ్మల మధ్య పెట్టుకుంటానని మాధురి అడిగింది. సరేనన్నాను. కింద ఒక్క వాక్యం మీరే రాసివ్వండి, మీ చేతి రాతే అచ్చు వేస్తాను అంది. మా నాయన రాసిన వాక్యమే మళ్ళీ రాద్దామని కలం తీశాను. ఈమెకు ఏ రోగమూ లేదు. రాయలేకపోయాను. ఆ మాట ఒకసారి ఏం చేసిందో చూశాను. కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని, చివరికి ఒకటి రాసిచ్చాను. మాధురి చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ గుడ్డ మీద, మా అత్త ముఖం కింద, ఎటునుంచి నడిచొచ్చినవాళ్ళకైనా కనబడేట్టు ఇప్పుడు అదే ఉంటుంది: ఈమె చేతి దోసె నేను ఒకరోజు తినలేదు.